గుడారాలవారి ఉమర్: ఎరుపా, తెలుపా?

బాంక్వెట్ రాత్రి బల్లల చుట్టూ చేరిన మగవాళ్లు అన్నిటికంటే ముందు తేల్చుకునే సంగతి ఒకటుంటుంది. రెడ్డా, వైటా? అమెరికాలోనో లండన్‌లోనో బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా ఈ చర్చ వింటూనే ఉంటాను. రెడ్ గుండెకు మంచిదని ఒకరంటారు. వైట్ ఆడవాళ్లు తాగేదని ఇంకొకరు తీసిపారేస్తారు. చేపకు వైట్, మాంసానికి రెడ్ అని ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేవారూ ఉంటారు. మా నెల్లూరు చేపల పులుసుకు ఏది సరిజోడో మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు.

నేనుండేది కువైట్‌లో. సాల్మియాలో ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు లెక్కలు చెప్పుకుంటున్నాను. 1960ల నడుమ నుంచీ అక్కడ మద్యం తేవడం, అమ్మడం నిషేధం. సూపర్ మార్కెట్లో ఎర్ర ద్రాక్షరసం, తెల్ల ద్రాక్షరసం సీసాలు పక్కపక్కనే ఉంటాయి. మూత తీస్తే బుస్సుమంటాయి, అంతే. అలాంటి చోట నుంచి వచ్చిన మనిషి వైన్ రంగుల గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. నా ఆసక్తి వైన్ మీద కాదు. ఆ సీసాతో పేరు కలిసిపోయి, తొమ్మిది వందల ఏళ్లుగా తాగుబోతు కింద జమకట్టబడుతున్న ఒక లెక్కల మేష్టారి మీద. ఆయన ఉమర్ ఖయ్యాం.

ఆయన పేరు విప్పి చెప్పడానికి కువైట్‌ను మించిన చోటు లేదు. అక్కడ చలికాలం రాగానే స్థానిక కుటుంబాలు ఊరి బయట ఎడారిలో గుడారాలు వేసుకుంటాయి. ఆ గుడారాన్ని ఖైమా అంటారు. కడప నుంచో కోనసీమ నుంచో వచ్చి డ్రైవర్లుగా, వంటవాళ్లుగా పనిచేసే మనవాళ్లందరికీ ఆ మాట తెలుసు, ఎందుకంటే తాళ్లు లాగి కట్టేది, చలిలో టీ కాచేది వాళ్లే. ఖైమాలు కుట్టేవాడు ఖయ్యాం. ఆయన తండ్రో తాతో ఆ పని చేసి ఉంటారు. మన లెక్కన ఇంటిపేరు పెడితే గుడారాలవారి ఉమర్ అవుతాడు.

పుట్టింది ఈశాన్య ఇరాన్‌లోని నిషాపూర్‌లో, 1048 మే 18న. అంత పాత మనిషికి తేదీ ఎలా దొరికిందంటే, అందులో మన వైపు వారి చెయ్యి ఉంది. ఆయన్ని చిన్నతనంలో స్వయంగా చూసిన బైహఖీ అనే చరిత్రకారుడు ఆయన జాతకం రాసిపెట్టాడు. మిథున లగ్నం, లగ్నంలోనే సూర్యుడు, బుధుడు. హైదరాబాదు దక్కనుకు చెందిన స్వామి గోవింద తీర్థ ఆ గ్రహస్థితి పట్టుకుని వెనక్కి లెక్కగట్టి ఈ తేదీ తేల్చారు. 1941లో అచ్చయిన ఆయన పుస్తకం ఖయ్యాం మీద పనిచేసేవారందరికీ నేటికీ ఆధారమే. జాతకాలంటే నమ్మకం లేని ఖయ్యాం పుట్టినరోజు జాతకం వల్లే తెలిసిందంటే ఆయనే నవ్వుకునేవాడేమో.

ఇరవై ఏళ్లు దాటగానే సమర్‌ఖండ్ చేరాడు. అక్కడి ప్రధాన న్యాయాధిపతి అబూ తాహిర్ ఆదరణలో, 1070 ప్రాంతంలో, బీజగణితం మీద గ్రంథం రాశాడు. లెక్కల టీచరుని కదా, ఇక్కడ కాస్త ఆగనివ్వండి. వర్గ సమీకరణాలు అప్పటికే లోకానికి తెలుసు. ఘన సమీకరణాలు, అంటే తెలియని రాశిని మూడుసార్లు గుణించి ఉన్నవి, పండితులకు కొరకరాని కొయ్యలు. ఆయన వాటిని రకాలుగా విడదీసి, మామూలు పద్ధతికి లొంగని 14 రకాలను ఏరి, ఒక్కొక్కదానికీ రెండు వక్రరేఖలు గీసి, అవి ఎక్కడ ఖండించుకుంటాయో అక్కడ జవాబు ఉందని చూపాడు. వృత్తంతో పరవలయం, పరవలయంతో అతిపరవలయం. అంకెలతోనే జవాబు రాబట్టే దారి తనకు దొరకలేదనీ, తర్వాతి వారికి దొరకవచ్చుననీ ఒప్పుకుని వదిలేశాడు. అది ఇటలీ వారికి 16వ శతాబ్దంలో దొరికింది. మన పిల్లలు పాస్కల్ త్రిభుజం అని నేర్చుకునేదాన్ని ఇరాన్ బడుల్లో ఖయ్యాం త్రిభుజం అంటారు. ఈ రెండో పేరు నేను కువైట్‌లో ఒక ఇరానీ సహోద్యోగి దగ్గర విన్నాను. అప్పటినుంచి తరగతిలో రెండు పేర్లూ చెబుతున్నాను.

1074లో సెల్జుక్ సుల్తాన్ మలిక్‌షా ఇస్ఫహాన్‌లో వేధశాల కట్టించి ఆయన్ని పిలిపించాడు. పంచాంగం గాడి తప్పింది, సరిచేయాలి. 1079లో జలాలీ క్యాలెండరు అమలులోకి వచ్చింది. పగలు, రాత్రి సమానమయ్యే రోజున నౌరోజ్, అదే సంవత్సరాది. నేటి ఇరాన్ క్యాలెండరు దాని వారసురాలే. మన ఉగాది చంద్రుణ్ణి పట్టుకుని వెనక్కీ ముందుకీ జరుగుతుంటే, వాళ్ల ఉగాది సూర్యుణ్ణి పట్టుకుని కదలకుండా కూర్చోవడానికి కారణం ఈ గుడారాలవారి అబ్బాయీ, ఆయనతో పనిచేసిన ఖగోళవేత్తలూను.

ఖయ్యాం, వజీరు నిజాం ఉల్ ముల్క్, హంతకుల ముఠా పెట్టిన హసన్ సబ్బా ఒకే బడిలో చదువుకున్న స్నేహితులని ఒక కథ ఉంది. మీలో చాలామంది వినే ఉంటారు. అది కల్పన. వజీరు ఈయనకంటే ముప్ఫై ఏళ్లు పెద్ద.

1092లో కొద్ది వారాల తేడాతో వజీరు హత్యకు గురయ్యాడు, సుల్తాన్ చనిపోయాడు. వేధశాల మూతబడింది, జీతం పోయింది. ఆదరించేవారు పోయాక నిందలు మొదలయ్యాయి, మతనిష్ఠ లేదన్నారు. ఆయన హజ్ యాత్రకు వెళ్లొచ్చాడు. భక్తితో కాదు, భయంతో వెళ్లాడని వందేళ్ల తర్వాత ఒక రచయిత రాశాడు. కాంట్రాక్టు రద్దయి, అకామా చేతిలో పట్టుకుని ఏం చేయాలో తెలియక కూర్చున్న ఇంజనీర్లను గల్ఫ్‌లో ఎందరినో చూశాను. ఆ ఏడాది ఆయన పరిస్థితి వేరే రకంగా నేను ఊహించుకోలేను.

తర్వాతి జీవితమంతా ఎక్కువగా నిషాపూర్‌లోనే. బైహఖీ ఆయన్ని ముక్కోపి అన్నాడు. చదువు చెప్పడంలో, రాయడంలో పిసినారి అని కూడా అన్నాడు. అయినా ఆయన దగ్గరికి గజాలీ అంతటి వేదాంతి వచ్చి ఆకాశగోళం గురించి ఒక ప్రశ్న వేస్తే, జవాబు మొదలుపెట్టి మధ్యాహ్నం నమాజు పిలుపు దాకా చెబుతూనే ఉన్నాడట. పిసినారితనం అంటే ఇదేనా? నాకైతే మంచి ప్రశ్న కోసం కాచుక్కూర్చున్న మేష్టారు కనిపిస్తాడు.

ఆయన వైద్యం కూడా చేసేవాడు. రాజకుమారుడు సంజర్‌కు చిన్నతనంలో మశూచి పోస్తే చూడ్డానికి వెళ్లి, బయటికొచ్చి, బిడ్డ బతకడం అనుమానమేనని వజీరుతో అన్నాడు. ఆ మాట ఒక నౌకరు మోసేశాడు. సంజర్ బతికాడు, సుల్తానయ్యాడు, ఖయ్యాంను జీవితాంతం ఇష్టపడలేదు. డాక్టర్లు మాట జాగ్రత్తగా ఎందుకు వాడాలో మీలో వైద్య వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు.

ఎరుపు తెలుపుల సంగతి అసలు ఇక్కడే వస్తుంది. ఖయ్యాం తనకు గురువుగా భావించింది ఇబ్న్ సీనాను. ఈయన పుట్టేనాటికే ఆయన పోయాడు. ఇబ్న్ సీనా వైద్యగ్రంథంలో వైన్ ఒక మందు. ఏ రంగు తాగాలన్నది మగతనాన్ని బట్టో రుచిని బట్టో కాదు, ఒంటి తత్వాన్ని బట్టి. వేడి శరీరం వారికి పల్చటి తెల్ల వైన్ మేలు, అది తలనొప్పి తేదు. ఒళ్లు చేయాలనుకునే బక్కవారికి చిక్కటి తియ్యటి వైన్. మన అమ్మమ్మలు మామిడిపండు వేడి చేస్తుంది, మజ్జిగ చలవ చేస్తుంది అన్నట్టే. గ్రీకుల నుంచి అరబ్బుల దాకా నడిచిన ఆ వైద్యానికీ మన వాత పిత్త శ్లేష్మాలకూ చుట్టరికం లేకపోలేదు.

ఖయ్యాం పేరుతో నౌరోజ్‌నామా అనే చిన్న పారశీక గ్రంథం ఒకటి ఉంది. ఆయన రాసిందా, ఆయన పేరు పెట్టుకుని ఇంకొకరు రాశారా అన్నది పండితుల మధ్య తగవు. నౌరోజ్ పుట్టుక, రాజుల ఆచారాలు, బంగారం, ఉంగరం, కత్తి, కలం, గుర్రం, డేగ, ఇలా సాగి చివరికొచ్చేసరికి ద్రాక్షసారాయం మీద ఒక అధ్యాయం వస్తుంది. రకానికో మూడు మాటలు: గుణం, దోషం, దోషానికి విరుగుడు. తెల్లటి పల్చటి దానికి పోషణ తక్కువ, వేడి శరీరాలకు పనికొస్తుంది, చల్లటి కడుపు ఉన్నవారికి వాయువు చేసి కీళ్లు నొప్పి పెడుతుంది. ఇంతే ధోరణి. కవిత్వం జాడ లేదు. బాంక్వెట్ బల్ల దగ్గర మగవాళ్లు చెప్పే కారణాలకంటే ఇది నాకు నిజాయితీగా కనిపిస్తుంది. రెడ్ గుండెకు మంచిదన్న మాట 1990లలో టీవీల ద్వారా ఊరంతా పాకింది. 2023 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, రంగుతో పని లేకుండా, ఆరోగ్యానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని చెప్పేసింది.

అసలు రంగులో ఉన్న మర్మం కూడా చిన్నదే. ద్రాక్షను తొక్కతో సహా పులియబెడితే ఎరుపు. తొక్క తీసేసి రసం మాత్రమే పులియబెడితే తెలుపు. నల్లద్రాక్ష పిండినా రసం దాదాపు రంగులేకుండానే వస్తుంది. షిరాజ్ అనే ఎర్ర వైన్ తాగుతూ, అది హాఫిజ్ పుట్టిన షిరాజ్ ఊరి ద్రాక్ష అని మురిసిపోయే పెద్దమనిషి ఒకాయన నాకు తెలుసు. 1990ల చివర కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వారు, ఫ్రాన్స్ వారితో కలిసి డి.ఎన్.ఎ. పరీక్ష చేస్తే అది అచ్చంగా ఫ్రెంచి ద్రాక్ష అని తేలింది. పైగా దాని తండ్రి నల్లద్రాక్ష, తల్లి తెల్లద్రాక్ష. మగవాళ్ల రెడ్డుకు అమ్మ వైటన్నమాట.

నౌరోజ్‌నామాలోని ఆ అధ్యాయంలోనే ద్రాక్ష పుట్టుక కథ ఉంది. హెరాత్ రాజు షమీరాన్ కాలంలో ఒక హుమా పక్షి మెడకు పాము చుట్టుకుంటే, రాజకుమారుడు బాణం వేసి పక్షిని కాపాడాడు. మరుసటి ఏడు ఆ పక్షి కొన్ని గింజలు తెచ్చి రాజు ముందు పెట్టింది. నాటితే తీగ వచ్చింది, గుత్తులు కాశాయి. పండు విషమేమోనని ఎవరూ నోట పెట్టలేదు. రసం తీసి జాడీలో పోస్తే దానంతట అదే పొంగింది, తర్వాత తేటపడింది. దాన్ని ఎవరి మీద పరీక్షించాలి? చెరసాల నుంచి మరణశిక్ష పడిన ఒక హంతకుణ్ణి తెచ్చి తాగించారు. మొదటి గిన్నెకు మొహం చిట్లించాడు. తర్వాత తర్వాత ఇంకా కావాలన్నాడు, పాడాడు, ఆడాడు. రాజుగారికి ధైర్యం వచ్చింది.

ఈ కథ నేను చాలాసార్లు చదివాను. 2025 ఆగస్టు తర్వాత మాత్రం నవ్వుతూ చదవలేకపోతున్నాను. ఆ నెలలో కువైట్‌లో దొంగచాటుగా కాచిన సారా తాగి 160 మంది ఆసుపత్రుల పాలయ్యారు, 23 మంది చనిపోయారు. అందరూ ఆసియా దేశాల నుంచి వచ్చినవారేనని ఆరోగ్య శాఖ ప్రకటించింది. చాలామందికి డయాలిసిస్ పెట్టారు, కొందరికి చూపు పోయింది. అందులో ఉన్నది మిథనాల్. దానికి ఎరుపు లేదు, తెలుపు లేదు, నీళ్లలా ఉంటుంది. మామూలు సారాకూ దీనికీ వాసనలో, రుచిలో తేడా తెలియదు. ఒంట్లోకి వెళ్లాక కాలేయం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది కంటి నరాన్ని కొడుతుంది. గంటలు గడిచాక గానీ లక్షణాలు బయటపడవు. తాగడమే నేరమైన చోట ఆసుపత్రికి వెళ్లడానికి మనిషి వెనకాడతాడు, ఆ వెనకాడిన గంటల్లోనే ప్రాణం పోతుంది. వెంటనే వెళితే మందు ఉంది. గల్ఫ్‌లో మీకు ఎవరున్నా ఈ ఒక్క మాట ఫోన్లో చెప్పండి: చూపు మసకబారితే పోలీసు భయం తర్వాత, ముందు ఆసుపత్రి. మన చెరసాల ఖైదీలు ఎవరో, వాళ్ల మీద పరీక్షలు చేస్తున్నది ఎవరో ఆలోచిస్తే ఆ రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

మళ్లీ ఖయ్యాం దగ్గరికి వస్తాను. ఇంత లెక్క, ఇంత ఖగోళం చేసిన మనిషి తాగుబోతు ఎలా అయ్యాడు? ఆయన్ని ఎరిగిన నిజామీ అరూజీ అనే రచయిత తన పుస్తకంలో కవులకు ఒక అధ్యాయం, జ్యోతిష్కులకు ఒక అధ్యాయం కేటాయించి, ఖయ్యాంను రెండోదాంట్లో పెట్టాడు. పద్యాల మాటే ఎత్తలేదు. ఆయన పోయిన తర్వాత వందేళ్లకు ఒకటీ రెండూ రుబాయీలు ఆయన పేరున పుస్తకాల్లో కనిపించడం మొదలైంది. ఆ తర్వాత వందలు చేరాయి. చావు, మట్టి, కుమ్మరి, పానపాత్ర మీద ఎవరు నాలుగు పాదాలు కట్టినా ఖయ్యాం ఖాతాలో వేశారు. మన వేమన ఖాతా కూడా అలాగే పెరిగింది కదా. 1859లో ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషులో 75 పద్యాలు అచ్చు వేస్తే మొదట ఎవరూ కొనలేదు. పెన్నీకి ఒకటి చొప్పున అమ్మే పెట్టెలో పడేశారు. అక్కడ ఎవరో ఏరి చదివి ఇంకొకరికి చెప్పాక, లోకమంతా ఖయ్యాం క్లబ్బులు పుట్టాయి.

మన తెలుగువారు మాత్రం ఇంగ్లీషుతో సరిపెట్టుకోలేదు. పిఠాపురంలో ఉమర్ అలీషా, నెల్లూరు జిల్లాలో కవికోకిల దువ్వూరి రామిరెడ్డి పారశీకం నుంచే తెచ్చారు. విజయనగరంలో హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు 1932లో పారశీక మూలాన్ని, ఫిట్జెరాల్డ్ ఇంగ్లీషును పక్కన పెట్టుకుని సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి మార్చి, మూలానికి ఇంగ్లీషు ఎంత దూరం జరిగిందో చూపించారు. రామిరెడ్డిగారు సేద్యం చేసుకునే మనిషి. పొలం పనుల మధ్య పారశీకం నేర్చుకుని పానశాల రాశారు. అది మా జిల్లావారు గొప్పగా చెప్పుకునే పుస్తకం. అదే జిల్లాలో, 1992లో, దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించి రాష్ట్రమంతా అంటుకున్న ఉద్యమానికి నిప్పు పెట్టారు. 1993 అక్టోబరు నుంచి సారా నిషేధం వచ్చింది. పానశాల, దూబగుంట రెండూ మావే. ఈ రెంటికీ వైరం ఉందని నేను అనుకోను. పద్యంలో ఉన్న పాత్ర వేరు, కూలి డబ్బులు మింగే పాకెట్ వేరు.

ఆ పద్యాల్లో వైన్ రంగు చూస్తే ఎక్కువగా ఎరుపే. కెంపులా, తులిప్ పువ్వులా, వసంతంలో పూసే అర్ఘవాన్ పువ్వులా అంటారు. వైద్యగ్రంథంలో అంత గౌరవంగా ఉన్న తెలుపు ఇక్కడ వెనక్కి తగ్గింది. కారణం నాకు తోచింది చెబుతాను. చచ్చిన రాజుల నెత్తురు తులిప్‌గా లేస్తుందని, చెలి పెదవి మట్టై కుండగా మారుతుందని చెప్పే కవికి ఎరుపు కావాలి. తెలుపుతో ఆ పని కాదు. అది తాగేవాడి ఇష్టం కాదు, పద్యం అవసరం. తర్వాత వ్యాపారులు దీన్ని కూడా పట్టించుకోలేదు. ఈజిప్టులో ఉమర్ ఖయ్యాం అనే పేరుతో రెడ్ వైన్ ఉంది. 1980లలో పుణె దగ్గర నారాయణగావ్‌లో తయారై విదేశాలకు వెళ్లిన భారతీయ నురగ వైన్‌కూ అదే పేరు పెట్టారు. అది తెలుపు. బీజగణితం పుస్తకం మీద మాత్రం ఆయన పేరు చూసి కొనేవారు తక్కువ.

ఆయన చివరి రోజు సంగతి ఆయన అల్లుడు చెప్పగా బైహఖీ రాశాడు. 1131 డిసెంబరు 4 అని గోవింద తీర్థ లెక్క. ఇబ్న్ సీనా తత్వగ్రంథం చదువుతున్నాడు. ఒకటి, అనేకం అన్న అధ్యాయం దగ్గరికి వచ్చాక, పళ్లు కుట్టుకునే బంగారు పుల్ల పేజీల మధ్య గుర్తుగా పెట్టి పుస్తకం మూశాడు. పెద్దల్ని పిలిపించండి, చెప్పవలసినవి చెప్పాలి అన్నాడు. లేచి నమాజు చేశాడు. ఆ తర్వాత అన్నం ముట్టలేదు, ఏమీ తాగలేదు. రాత్రి నమాజులో నేలకు తల ఆనించి, నిన్ను తెలుసుకోగలిగినంత మేర తెలుసుకున్నానని, అదే నీ దగ్గరికి నా దారి అని దేవుడితో విన్నవించుకుని అలాగే వెళ్లిపోయాడు.

అంతకు ఇరవై ఏళ్ల కిందట, బల్ఖ్ నగరంలో ఒక వినోద గోష్ఠిలో, తన సమాధి మీద చెట్లు ఏడాదికి రెండుసార్లు పూలు రాలుస్తాయని అన్నాడట. అక్కడే ఉన్న నిజామీ అరూజీకి అది అతిశయంగా తోచినా, ఈయన ఊరికే మాట్లాడే మనిషి కాదని గుర్తుపెట్టుకున్నాడు. 1135 ప్రాంతంలో నిషాపూర్ వచ్చి ఒక శుక్రవారం స్మశానానికి వెళ్లాడు. తోట గోడ పక్కన సమాధి. గోడ అవతల నుంచి బేరి చెట్టూ పీచ్ చెట్టూ కొమ్మలు చాచి, రాయి కనపడకుండా పూలు రాల్చి ఉన్నాయి. గురువుగారి మాట గుర్తొచ్చి ఏడ్చానని రాసుకున్నాడు. ఆ గోష్ఠిలో గిన్నెలు తిరిగే ఉంటాయి. వాటిలో ఉన్నది ఏ రంగుదో మాత్రం ఆయన రాయలేదు.